గోడ మీది ఫోను, జేబులోని ఇంటర్నెట్

ల్యాండ్‌లైన్ ఇంటికి ఇచ్చే కనెక్షన్, సెల్‌ఫోన్ మనిషికి ఇచ్చే కనెక్షన్. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో బయలుదేరిన రాగి తీగల జత ఒకటి వీధి స్తంభాల మీదుగానో భూమిలోని కేబుల్ గుండానో వచ్చి ఒక ఇంటి గోడలో ఆగిపోతుంది. ఆ ఇంట్లో ఎవరున్నా, ఎవరు ఖాళీ చేసి వెళ్లినా ఆ నంబరు తనంతట తాను ఆ గోడను వదిలి కదలదు. సెల్‌ఫోన్ నంబరు మాత్రం దాన్ని జేబులో వేసుకొన్న మనిషి వెంట ఊళ్లు తిరుగుతుంది. ఇంట్లో ఇంటర్నెట్ కోసం ల్యాండ్‌లైన్ తీసేసి సెల్‌ఫోన్‌తో సరిపెట్టుకోవచ్చునా అన్న ప్రశ్న పైకి నెలసరి బిల్లుల లెక్కలా కనిపిస్తుంది కాని, దాని అడుగున ఉన్నది ఈ తేడాయే. ఈ తేడాను దగ్గరగా చూడాలంటే బెంగళూరు దక్షిణపు కొసన, హోసూరు రోడ్డును ఆనుకొని ఉన్న ఎలక్ట్రానిక్ సిటీకి మించిన చోటు లేదు. అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు మొదలుకొని కోస్తా, తెలంగాణ జిల్లాల దాకా అనేక ప్రాంతాల నుంచి ఉద్యోగాలకు వచ్చిన తెలుగువారు అక్కడ వేల సంఖ్యలో ఉన్నారు. వారిలో అధిక సంఖ్యాకులకు అది ఉద్యోగం ఉన్న ఊరే తప్ప ఇల్లున్న ఊరు కాదు.

ఎలక్ట్రానిక్ సిటీ పుట్టుకలోనే సమాచార సంబంధాల కథ ఇమిడి ఉంది. 1976లో కర్ణాటక ప్రభుత్వం ఏర్పాటు చేసిన కియోనిక్స్ సంస్థ, ఆర్.కె. బాలిగ ఊహకు రూపమిస్తూ, 1978లో కోనప్పన అగ్రహార, దొడ్డతోగూరు గ్రామాల పరిధిలో 332 ఎకరాల్లో ఈ పారిశ్రామిక వాడను నెలకొల్పింది. మొదట్లో ఇది పేరుకు తగ్గట్టు ఎలక్ట్రానిక్ పరికరాలు తయారుచేసే కర్మాగారాల చోటు. సాఫ్ట్‌వేర్ తరవాత వచ్చింది. సాఫ్ట్‌వేర్ ఎగుమతికి ఓడరేవు అక్కరలేదు, విదేశీ కంప్యూటర్‌తో మాట్లాడే దారి మాత్రం కావాలి, ఆ దారి నాటి టెలిఫోన్ వ్యవస్థలో లేదు. 1985లో బెంగళూరులో కేంద్రం తెరిచిన టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ తన అవసరానికి ఉపగ్రహ లింకునే ఆశ్రయించవలసి వచ్చింది. 1991లో కేంద్ర ప్రభుత్వం ఏర్పరచిన సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్క్స్ ఆఫ్ ఇండియా, వాడుకలో ఎస్‌టీపీఐ, అటువంటి ఉపగ్రహ లింకులను చిన్న కంపెనీలకు కూడా అద్దెకు ఇవ్వడం మొదలుపెట్టాక, 1994లో ఇన్ఫోసిస్ తన ప్రధాన కార్యాలయాన్ని ఇక్కడికి తరలించింది. హోసూరు రోడ్డు మీది ఎత్తైన వంతెన 2010లో, మెట్రో రైలు 2025 ఆగస్టులో వచ్చాయి కనుక, ఈ ఊరికి వంతెన కన్నా రైలు కన్నా ముందు ఆకాశమార్గంలో డేటా వచ్చిందని చెప్పుకోవచ్చు.

ఆ తొలి లింకుల వేగం సెకనుకు 64 కిలోబిట్ల నుంచి మొదలయ్యేది. ఈ 64 అన్న అంకె ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే, ల్యాండ్‌లైన్‌కూ ఇంటర్నెట్‌కూ ఉన్న చుట్టరికం అర్థమవుతుంది. టెలిఫోన్‌లో వినిపించే మానవ కంఠంలో సెకనుకు 300 నుంచి 3,400 వరకు ఉండే కంపనాలను మాత్రమే టెలిఫోన్ వ్యవస్థ మోస్తుంది. మాట అర్థం కావడానికి అవి చాలు. డిజిటల్ ఎక్స్ఛేంజి ఆ ధ్వనిని సెకనుకు 8,000 సార్లు కొలిచి, ప్రతి కొలతనూ 8 బిట్లలో రాసుకొంటుంది. బిట్ అంటే ఒకటి లేక సున్న, కంప్యూటర్ భాషలో అక్షరం కన్నా చిన్న ముక్క. 8,000ను 8తో హెచ్చిస్తే 64,000. అంటే ఇద్దరు మనుషులు క్షేమసమాచారాలు మాట్లాడుకోవడానికి పట్టే దారి సెకనుకు 64 కిలోబిట్లు. సముద్రాల అవతలి బ్యాంకులకు, విమాన సంస్థలకు సాఫ్ట్‌వేర్ రాసి పంపిన కంపెనీల్లో కొన్ని ఒక్క ఫోన్ కాల్‌కు సరిపోయే దారిలో తమ వ్యాపారాన్ని మొదలుపెట్టాయన్నమాట. ఈ అంకె మరో సందర్భంలో, మరో వేషంలో మళ్లీ ఎదురవుతుంది.

కంపెనీల ప్రహరీలకు అవతల సంగతి వేరుగా ఉండేది. దేశంలో సామాన్యుడికి ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా అందుబాటులోకి వచ్చింది. అంతకు పక్షం రోజుల ముందు, జులై 31న, దేశంలో తొలి సెల్‌ఫోన్ సంభాషణ కూడా జరిగింది. ఒకే నెల వ్యవధిలో పుట్టిన ఈ రెండూ కలిసి ఒక్కటి కావడానికి చాలా ఏళ్లు పట్టింది, అంతవరకు ఇళ్లకు ఇంటర్నెట్‌ను ప్రధానంగా మోసినది ల్యాండ్‌లైనే. మోడెమ్ అనే పెట్టె కంప్యూటర్ మాటలను కీచుమనే ధ్వనులుగా మార్చి ఫోన్ తీగలోకి వదిలేది, అవతలి మోడెమ్ ఆ ధ్వనులను తిరిగి అంకెలుగా మార్చుకొనేది. ఎంత మంచి మోడెమ్ అయినా సెకనుకు 56 కిలోబిట్లను దాటలేకపోవడానికి కారణం పైన చెప్పిన 64 గోడే. డయలప్ అని పిలిచిన ఈ పద్ధతిలో ఇంటర్నెట్ నడుస్తున్నంతసేపూ ఫోన్ ఎంగేజ్‌లో ఉండేది, నిమిషాల లెక్కన లోకల్ కాల్ చార్జీ పడేది. ఊరి నుంచి తల్లిదండ్రులు ఫోన్ చేస్తే గంటలకొద్దీ ఎంగేజ్ వినిపించడం ఆ రోజుల్లో ఇంటింటి తగవు.

ఆ ఇబ్బందిని తీర్చినది డీఎస్‌ఎల్. రాగి తీగకు నిజానికి మాటకు కావలసినదాని కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ మోయగల శక్తి ఉంది. ఎక్స్ఛేంజి దాన్ని మాట వరకే పరిమితం చేసింది. డీఎస్‌ఎల్‌లో అట్టడుగున ఉన్న 4 కిలోహెర్ట్జ్‌ను మాటకు వదిలేసి, 25 కిలోహెర్ట్జ్ పైనుంచి ఉన్న భాగాన్ని డేటాకు వాడతారు. గోడ దగ్గర అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దదైన తెల్లటి డబ్బా ఒకటి, స్ప్లిటర్, ఈ రెంటినీ విడదీసి ఒక వైరును ఫోనుకూ మరొకదాన్ని మోడెమ్‌కూ పంపుతుంది. దీనికున్న చిక్కు దూరం: ఎక్స్ఛేంజికి దగ్గరగా ఉన్న ఇంటికి వేగం బాగుంటుంది, నాలుగైదు కిలోమీటర్ల అవతలి ఇంటికి చేరేసరికి సంకేతం నీరసించిపోతుంది. బీఎస్ఎన్ఎల్ 2005 జనవరిలో ఈ బ్రాడ్‌బ్యాండ్‌ను ప్రారంభించింది. సెకనుకు 256 కిలోబిట్లు ఉంటే చాలు, దాన్ని బ్రాడ్‌బ్యాండ్ అనవచ్చునని 2004 నాటి ప్రభుత్వ విధానం చెప్పింది. ఆ హద్దు 2013లో 512 కిలోబిట్లకూ, 2023లో 2 మెగాబిట్లకూ పెరిగింది. దేశంలో ల్యాండ్‌లైన్ల సంఖ్య శిఖరానికి చేరినది కూడా ఆ రోజుల్లోనే, 2006 ప్రాంతంలో, దాదాపు 5 కోట్ల దగ్గర.

ఆ కాలపు వాడుకరులు మరిచిపోలేని పథకం ఒకటుంది. పగలు వాడుకొన్న డేటాకు మెగాబైట్ల లెక్కన చార్జీ వేసి, రాత్రి 2 నుంచి ఉదయం 8 వరకు ఎంత వాడుకొన్నా అదనంగా పైసా పడకుండా ఉండే ఆ పథకం కోసం, చదువుకొనే కుర్రవాళ్లూ ఉద్యోగులూ రెండింటికి అలారం పెట్టుకొని లేచి, కంప్యూటర్ ఆన్ చేసి, పగలంతా రాసి పెట్టుకొన్న డౌన్‌లోడ్ల జాబితాను దానికి అప్పజెప్పి, తిరిగి పడుకొనేవారు. ఎనిమిది కొట్టే లోపల మళ్లీ లేచి ఆపకపోతే మీటరు తిరిగేది. పొలానికి రాత్రిపూట త్రీఫేజ్ కరెంటు ఇచ్చినప్పుడు లేచి మోటారు వేసుకొనే రైతుబిడ్డలకు ఈ ఏర్పాటు ఏమంత వింతగా తోచి ఉండదు.

అయితే ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం చేసే తెలుగువారిలో ఎందరి ఇళ్లలో ల్యాండ్‌లైన్ ఉండేది? నీలాద్రి రోడ్డు, దొడ్డతోగూరు, హెబ్బగోడి వైపు వెలసిన పీజీ హాస్టళ్లు, ఒక పడకగది అద్దె ఇళ్లు చూస్తే జవాబు తెలిసిపోతుంది. ఫోన్ కనెక్షన్‌కు దరఖాస్తు పెట్టాలంటే చిరునామా రుజువు కావాలి, డిపాజిట్ కట్టాలి, గోడకు మేకులు కొట్టడానికి ఇంటి యజమాని ఒప్పుకోవాలి, లైన్‌మన్ వచ్చే రోజు సెలవు పెట్టుకోవాలి. అద్దె ఒప్పందం మాత్రం పదకొండు నెలలది. పది నెలల అద్దెను అడ్వాన్సుగా సమర్పించుకొన్నవాడికి ఇంకో డిపాజిట్ భారంగానే తోస్తుంది. ఇల్లు మారితే లైన్‌ను తరలించడానికి మళ్లీ అర్జీ. ఊళ్లో అమ్మానాన్నల ఇంట్లో హాల్లో అల్లిన గుడ్డ కప్పుకొని కూర్చొన్న ఫోన్ ఉండేది, బెంగళూరులోని కొడుకు గదిలో ఉండేది కాదు. ల్యాండ్‌లైన్‌ను తీసేసి సెల్‌ఫోన్‌కు మారడం అన్నది ఎలక్ట్రానిక్ సిటీలో చాలామందికి తమ జీవితంలో జరిగిన సంఘటన కాదు, ఒక తరం నుంచి మరో తరానికి వచ్చేలోగా జరిగిన మార్పు: నాన్న పేర ల్యాండ్‌లైన్ ఉండేది, కొడుకు పేర మొదటి నుంచీ సెల్‌ఫోనే.

సెల్‌ఫోన్‌ను ల్యాండ్‌లైన్‌కు బదులుగా నిలబెట్టే ప్రయత్నం చట్టం కళ్లుగప్పినట్టుగా ఒకసారి జరిగింది. 2002 డిసెంబరులో మొదలైన రిలయన్స్ ఇండియా మొబైల్, సీడీఎంఏ అనే సాంకేతిక పద్ధతి మీద నడిచేది. కాని దాని తొలి లైసెన్సు మొబైల్ లైసెన్సు కాదు, ఇళ్లకు ఫోన్లు ఇచ్చే బేసిక్ సర్వీసు లైసెన్సు. ఎక్స్ఛేంజి నుంచి ఇంటి దాకా తీగ బదులు రేడియో తరంగాలు వాడుకోవచ్చునన్న వెసులుబాటు, పరిమిత పరిధిలో దాన్ని చేతిలో పట్టుకొని తిరగవచ్చునన్న అనుమతి కలిసి, కాగితాల మీద ల్యాండ్‌లైన్‌గా ఉన్నదాన్ని చేతిలో సెల్‌ఫోన్‌గా మార్చాయి. మొబైల్ కంపెనీలు గగ్గోలు పెట్టగా, 2003 నవంబరులో ఏకీకృత లైసెన్సు విధానం తెచ్చి ప్రభుత్వం ఆ తగవు తీర్చింది. ఆ ఫోన్‌ను కేబుల్‌తో కంప్యూటర్‌కు తగిలించి, హ్యాష్ 777 డయల్ చేస్తే ఇంటర్నెట్ వచ్చేది. కాగితం మీద వేగం సెకనుకు 144 కిలోబిట్లు, చేతికందేది అందులో కొంత. అయినా గోడతో, యజమానితో, లైన్‌మన్‌తో పని లేకుండా గదిలో మంచం మీద ఈమెయిల్ తెరుచుకొన్న మొదటి తరం అదే.

తెలుగువారికి ఇందులో మరో ముడి ఉండేది. టెలికాం లెక్కల్లో దేశం సర్కిళ్లుగా చీలి ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలుగా విడిపోయినా టెలికాం పటంలో నేటికీ ఒకే సర్కిల్, కర్ణాటక వేరు. అనంతపురంలో కొన్న సిమ్ బెంగళూరులో రోమింగ్‌లో పడేది, వచ్చే కాల్‌కు కూడా చార్జీ పడేది. అందువల్ల ఒక ఫోన్‌లో రెండు సిమ్‌లు, లేదా ఊరికి ఒక ఫోన్, ఆఫీసుకు ఒక ఫోన్. 2011 జనవరి 20న దేశమంతటా అమలైన నంబరు పోర్టబిలిటీ, అంటే నంబరు మార్చకుండా కంపెనీ మార్చుకొనే సౌకర్యం, మొదట సర్కిల్ లోపలికే పరిమితమైంది. సర్కిళ్ల మధ్య 2015 జులై 3 నుంచి మాత్రమే సాధ్యమైంది. బెంగళూరులో స్థిరపడినా అనంతపురం నంబరే ఉంచుకోగలిగిన రోజున సెల్‌ఫోన్ నంబరు నిజంగా మనిషిదైంది.

వేగం విషయంలో మలుపులు వెంటవెంటనే వచ్చాయి. ప్రైవేటు కంపెనీల 3జీ సేవలు బెంగళూరుకు 2011 నాటికి చేరాయి. 2012 మేలో ఎయిర్‌టెల్ తన 4జీని కోల్‌కతా తరవాత రెండో నగరంగా బెంగళూరులోనే ప్రారంభించింది. విచిత్రమేమంటే అది అప్పటికి ఫోన్ల కోసం కాదు, కంప్యూటర్‌కు గుచ్చే డాంగిల్‌కూ, ఇంట్లో బల్ల మీద పెట్టుకొనే మోడెమ్‌కూ ఇచ్చిన సేవ. 2016 సెప్టెంబరు 5న జియో వచ్చేదాకా ఒక జీబీ డేటాకు 250 రూపాయల దాకా పెట్టిన జనం, ఆ తరవాత 2017 మార్చి చివరి వరకు డేటాను ఉచితంగా వాడుకొన్నారు. ధర మళ్లీ మొదలైనప్పుడు పాత ధర తిరిగి రాలేదు. ఈలోగా ల్యాండ్‌లైన్ మరో చోట ఓడిపోయింది. బ్యాంకు, ఆధార్, గ్యాస్ బుకింగ్, రైలు టికెట్ అన్నీ ఓటీపీ అనే అంకెల ముక్కను ఎస్సెమ్మెస్‌గా పంపడం మొదలుపెట్టాయి. గోడ మీది ఫోన్‌కు మెసేజి చదివే కళ్లు లేవు. డేటా ధర తగ్గకపోయినా ల్యాండ్‌లైన్ ఈ దెబ్బకే మూలనపడి ఉండేదని అనిపిస్తుంది. 2020 నాటికి దేశంలో ల్యాండ్‌లైన్లు సుమారు 2 కోట్లకు పడిపోయాయి.

సెల్‌ఫోన్ ఇంటి ఇంటర్నెట్‌గా పనిచేసే తీరు సులువైనదే. ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆన్ చేస్తే, అది టవర్ నుంచి వచ్చే డేటాను వైఫైగా మార్చి గదిలోని ల్యాప్‌టాప్‌కు, టీవీకి పంచుతుంది. అంటే ఫోన్ మోడెమ్ అవుతుంది. దాని బలహీనత టవర్‌లో ఉంటుంది. ల్యాండ్‌లైన్ తీగ ఒక ఇంటి సొంతం, టవర్ సామర్థ్యం మాత్రం ఆ ప్రాంతంలోని అందరిదీ. పగలంతా కంపెనీల్లో ఉన్న జనం రాత్రి తొమ్మిదికి ఒక్కసారిగా పీజీల్లోకి చేరి, అంతస్తుకు పది గదుల చొప్పున, గదికి ఇద్దరు ముగ్గురు చొప్పున ఎవరి ఫోన్‌లో వారు సినిమా పెట్టుకొంటే, ఊరి కుళాయికి అందరూ ఒకేసారి బిందెలు పట్టినట్టే అవుతుంది. ఫోన్ తెరపై సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తూనే బొమ్మ ఆగిపోతుంది, ఎందుకంటే ఆ గీతలు టవర్ ఎంత గట్టిగా వినిపిస్తోందో చెబుతాయే తప్ప అక్కడ ఎంతమంది వరుసలో ఉన్నారో చెప్పవు.

రెండో చిక్కు గోడలది. రేడియో తరంగం పౌనఃపున్యం పెరిగేకొద్దీ డేటాకు దొరికే చోటు సాధారణంగా పెరుగుతుంది, గోడ దూరే శక్తి తగ్గుతుంది. 850, 900 మెగాహెర్ట్జ్ తరంగాలు ఇటుక గోడలను దాటి లోపలి గదికి రాగలవు. 4జీలో వాడే 2,300 మెగాహెర్ట్జ్, 5జీలో వాడే 3,300 మెగాహెర్ట్జ్ పైబడిన తరంగాలు కాంక్రీటు దగ్గర డీలాపడతాయి. దొడ్డతోగూరులో ఒక భవనానికీ మరొక భవనానికీ మధ్య చెయ్యి చాస్తే తగిలేంత సందే ఉన్న వీధుల్లో, హాట్‌స్పాట్ నడిపే ఫోన్ చోటు చూస్తే ఈ సూత్రం చెప్పకుండానే అర్థమవుతుంది: అది వంటింటి కిటికీ ఊచల మధ్య, చార్జర్ వైరు వేలాడుతూ, ఎండ తగలకుండా తుండుగుడ్డ చాటున, కాలిపోతున్న వీపుతో నిలబడి ఉంటుంది. చార్జింగ్‌లో ఉండగానే గంటల తరబడి హాట్‌స్పాట్ నడిపితే బ్యాటరీ త్వరగా పాడవుతుంది, ఎక్కువ వేడెక్కితే ఫోన్ తనంతట తానే వేగం తగ్గించుకొంటుంది.

మూడోది రోజువారీ పరిమితి. రోజుకు 1.5 జీబీ, 2 జీబీ అని పథకాలు అమ్ముతారు. ఒక్క మనిషి ఫోన్ చూసుకోవడానికి అది ధారాళం. ఒక గంట వీడియో సమావేశానికి నాణ్యతను బట్టి అర జీబీ నుంచి ఒక జీబీకి పైగా ఖర్చవుతుంది కనుక, రోజుకు మూడు మీటింగులున్న ఉద్యోగికి మధ్యాహ్నానికే కోటా చెల్లిపోవచ్చు. కోటా అయిపోయాక కనెక్షన్ తెగదు, చాలా పథకాల్లో వేగం సెకనుకు 64 కిలోబిట్లకు దిగిపోతుంది. ఒకనాడు ఇదే ఎలక్ట్రానిక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఎగుమతికి పునాది వేసిన వేగం ఇప్పుడు డేటా అయిపోయినవాడికి శిక్షగా మిగిలింది! ఆ వేగంతో ఒక మెగాబైటు ఫోటో తెరుచుకోవడానికి రెండు నిమిషాలకు పైగా పడుతుంది. అనేక 5జీ పథకాల్లో ఈ రోజువారీ హద్దు లేదు, అయితే ఆ వెసులుబాటు 5జీ సిగ్నల్ అందే చోటికే వర్తిస్తుంది.

ఈ వ్యవస్థకు పెద్ద పరీక్ష 2020 మార్చిలో ఎదురైంది. అప్పటిదాకా కాల్ సెంటర్లూ ఐటీ ఆధారిత సేవల కంపెనీలూ ప్రభుత్వం దగ్గర ఇతర సేవాదారులుగా నమోదై ఉండవలసి వచ్చేది. ఉద్యోగి ఇంటి నుంచి పనిచేయాలంటే డిపాజిట్లు, ప్రత్యేక సురక్షిత లైన్లు వంటి నిబంధనలు ఉండేవి. మార్చి 13న టెలికాం శాఖ వాటిని తాత్కాలికంగా సడలించి, నవంబరులో వాటిలో అధిక భాగాన్ని ఎత్తివేసింది. మార్చి 25న కోవిడ్ లాక్‌డౌన్ మొదలయ్యాక పీజీలు ఖాళీ అయ్యాయి, ల్యాప్‌టాప్‌లు సొంత ఊళ్లకు చేరాయి. ఎలక్ట్రానిక్ సిటీలోని సర్వర్లతో కడప జిల్లా పల్లెలోని డాబా మీద నుంచి మాట్లాడవలసి వచ్చిన ఉద్యోగికి చేతిలో ఉన్న ఇంటర్నెట్ సెల్‌ఫోన్ ఒక్కటే. ఊళ్లోని ల్యాండ్‌లైన్ ఆ సమయానికి అక్కరకు రాలేదు. బీఎస్ఎన్ఎల్‌లో ఆ ఏడాది జనవరి నెలాఖరునే దాదాపు 78 వేల మంది స్వచ్ఛంద పదవీ విరమణ చేశారు, తెగిన తీగను అతికే చేతులు అప్పటికే తగ్గిపోయాయి. సిగ్నల్ దొరికే చోటు వెతుక్కొంటూ డాబా ఎక్కడం, చెట్టు కింద కుర్చీ వేసుకోవడం ఆ వేసవిలో పల్లెల్లో మామూలు దృశ్యమైంది. కొన్ని ఊళ్లలో మరో దారి ఉండేది: 2017 డిసెంబరు 27న ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన ఏపీ ఫైబర్‌నెట్, కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ తీగ లాగి, నెలకు 149 రూపాయల పథకంతో టీవీ, ఇంటర్నెట్, ఫోన్ మూడింటినీ ఇంటికి చేర్చింది. స్థానిక కేబుల్ ఆపరేటర్ చేతిలో ఉన్న ఆ తీగ వేగంలో గొప్పది కాకపోయినా, డాబా ఎక్కవలసిన అవసరం లేకుండా చేసింది.

ల్యాండ్‌లైన్ వదులుకొన్నప్పుడు పోయేవి ఏమిటన్నది కూడా చూడాలి. రాగి తీగ ఫోన్‌కు కరెంటు ఇంటి నుంచి కాదు, ఎక్స్ఛేంజిలోని 48 వోల్టుల బ్యాటరీల నుంచి ఆ తీగ మీదుగానే వస్తుంది. ఊరంతా చీకటైనా అది మోగుతుంది. సెల్‌ఫోన్‌కు తన బ్యాటరీ ఉంది, టవర్‌కూ బ్యాటరీలూ జనరేటరూ ఉంటాయి, కాబట్టి గంటా రెండు గంటల కోతను అది తట్టుకొంటుంది. కాని తుఫాను తరవాత రోజుల తరబడి కరెంటు లేని చోట, టవర్ డీజిలు అయిపోగానే ఊరంతా ఒకేసారి మూగబోతుంది. రెండోది నంబరు. అమెరికాలో 2003 నవంబరు నుంచి ఇంటి ల్యాండ్‌లైన్ నంబరునే సెల్‌ఫోన్‌లోకి మార్చుకొనే వీలుంది. భారతదేశంలో ఆ వీలు లేదు. అందువల్ల ముప్ఫై ఏళ్లుగా బంధువులందరి డైరీల్లో ఉన్న నంబరు కనెక్షన్ రద్దు చేసిన రోజుతో పోతుంది; రద్దుకు ముందే బ్యాంకులో, పెన్షన్ కార్యాలయంలో, బీమా కాగితాల్లో కొత్త నంబరు నమోదు చేయించకపోతే పెద్దవాళ్లు తరవాత తిరగవలసి వస్తుంది. మూడోది కాస్త సాంకేతికమైనది: మొబైల్ కంపెనీలు ఇంటర్నెట్ చిరునామాలను పొదుపుగా వాడుకోవడానికి వందల మంది వాడుకరులను ఒకే బయటి చిరునామా వెనక నిలబెడతాయి. సినిమా చూసేవారికి దీనితో తేడా రాదు. ఊళ్లోని ఇంటికి సీసీ కెమెరా పెట్టి బెంగళూరు నుంచి నేరుగా దాని చిరునామాకు వెళ్లి చూడాలనుకొనేవారికి దారి కనిపించదు, కెమెరా తయారీదారుల సర్వర్ ద్వారా చుట్టు తిరిగి వెళ్లాలి.

ఇంతకూ తీగ పూర్తిగా పోలేదు. రాగి పోయి గాజు వచ్చింది. వెంట్రుక మందాన ఉండే గాజు తంతువులో కాంతి మెరుపులుగా డేటాను పంపే ఫైబర్‌కు రాగిలా దూరంతో నీరసం లేదు. బెంగళూరులో కేబుల్ టీవీ వ్యాపారం నుంచి ఎదిగిన యాక్ట్ వంటి కంపెనీలు, పెద్ద టెలికాం కంపెనీలు అపార్ట్‌మెంట్లకు ఫైబర్ లాగడంతో, 2020 తరవాత తీగ కనెక్షన్ల సంఖ్య దేశంలో మళ్లీ పెరగడం మొదలైంది. ఇంటి నుంచి పని, పిల్లల ఆన్‌లైన్ చదువు కలిసి, గది కాస్తా ఇల్లయిన చోట సెల్‌ఫోన్ చాలదని తేల్చాయి. ఇక 2022 అక్టోబరులో 5జీ మొదలైన తరవాత, 2023 సెప్టెంబరులో బెంగళూరు, హైదరాబాదులతో సహా 8 నగరాల్లో జియో ఎయిర్‌ఫైబర్ వచ్చింది. పేరులో ఫైబర్ ఉన్నా ఇది సెల్‌ఫోన్ సంతతే: మేడ మీద బిగించిన పెట్టె టవర్ నుంచి 5జీ సంకేతాన్ని అందుకొని, కేబుల్ ద్వారా కింది ఇంట్లోని వైఫై రౌటరుకు చేరవేస్తుంది. కిటికీలో కాలిపోతూ నిలబడ్డ ఫోన్ చేసే పనినే మేడ మీద పెద్ద యాంటెన్నాతో, సొంత కరెంటుతో చేయడమన్నమాట. మనిషి జేబులోకి వెళ్లిన కనెక్షన్ ఈ రూపంలో మళ్లీ ఇంటికే కట్టుబడింది.

ఒంటరిగా ఉండి, పగలంతా ఆఫీసు ఇంటర్నెట్ వాడుకొని, ఏడాదికొకసారి గది మారే ఉద్యోగికి సెల్‌ఫోన్ ఒక్కటే చాలు. అతడి చేత నెలవారీ బ్రాడ్‌బ్యాండ్ బిల్లు కట్టించడం దండగ. ఇద్దరు ఉద్యోగస్తులు, ఒక బడి పిల్లవాడు, ఒక టీవీ ఉన్న ఇంట్లో మూడు ఫోన్ల డేటా కలిపి సర్దుకోవడం పొదుపులా కనిపించే ఖర్చు, ఎందుకంటే మూడు రీచార్జీల మీద వేసుకొనే అదనపు డేటా ప్యాకులు కలిపితే ఫైబర్ అద్దెకు దగ్గరపడతాయి, పైగా మీటింగు మధ్యలో ఫోన్ వస్తే కొన్ని హ్యాండ్‌సెట్లలో హాట్‌స్పాట్ తడబడుతుంది. ఊళ్లో పెద్దవాళ్లున్న ఇంటికి ఇంకో లెక్క ఉంది: వాళ్లకు ఇంటర్నెట్ వేగం కన్నా ఎత్తగానే వినిపించే ఫోన్ ముఖ్యం, స్మార్ట్‌ఫోన్ అలవాటు కానివారికి తెర మీద వేలు జరపడం కన్నా రిసీవర్ ఎత్తడం తేలిక. ఫైబర్ వేయించినా కరెంటు పోతే రౌటరు ఆగిపోతుంది కనుక, దానికి చిన్న యూపీఎస్ ఒకటి కలపకపోతే పాత రాగి ఫోన్ ఇచ్చిన ధీమా ఇది ఇవ్వదు.

ఫైబర్ కనెక్షన్‌తో పాటు చాలా కంపెనీలు ల్యాండ్‌లైన్ నంబరును కూడా అదనపు అద్దె లేకుండా ఇస్తాయి. గోడకు బిగించిన తెల్లటి పెట్టె వెనక, వరుసగా ఉన్న నెట్‌వర్క్ రంధ్రాల పక్కన, వాటికన్నా కాస్త చిన్నదైన చతురస్రపు రంధ్రం ఒకటి ఫోన్ బొమ్మతో కనిపిస్తుంది. పాత రిసీవర్ తెచ్చి తగిలిస్తే బెంగళూరు కోడు 080తో మొదలయ్యే నంబరు మోగుతుంది. నీలాద్రి నగర్ ఇళ్లలో కనెక్షన్ ఇచ్చి వెళ్లే కుర్రవాడు ఆ నంబరును ఒక చీటీ మీద రాసి ఇస్తాడు, ఆ చీటీ రౌటరు అట్టపెట్టెతో పాటు అటక మీదికి చేరుతుంది, ఆ రంధ్రానికి అంటించి వచ్చిన ప్లాస్టిక్ మూత మాత్రం ఎవరూ తీయరు.